హీరోయిన్ ఎనకాల

సూర్యకళ దగ్గర చేపలు కొనేవాళ్ళకి ఆవిడ మీద ఉన్నది ఒకటే ఫిర్యాదు. చేప మంచిదే, చెయ్యి శుభ్రమే, కానీ కోనాం చేప ముక్కలు కోస్తూ కథ ఎత్తుకుందంటే, కథ మంచి పట్టులో పడేసరికి కత్తిపీట మీద చెయ్యి ఆగిపోతుంది. కంచరపాలెం మార్కెట్లో ఏళ్ళ తరబడి ఇదే వరస. ఆఫీసుకి టైమైపోతోందని మొత్తుకునే రైల్వే ఆయన కూడా, సంచీ చేతికొచ్చాక రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, ఇంతకీ ఆ పిల్ల తెప్ప ఒడ్డుకు చేరిందా లేదా అని అడిగి మరీ పోతాడు. రేపు చెబుతానంటుంది సూర్యకళ. వ్యాపారం ఎలా చెయ్యాలో ఆవిడకి ఒకరు నేర్పక్కర్లేదు.

ఆ పిల్ల పేరు పోలి. 'ఏడు తెప్పల సీమ' అనే నవల్లో ఉంటుంది. లోకంలో గాలినంతా ఎత్తుకుపోయి ఏడు సముద్రాల అవతల గుహలో దాచేసిన రాకాసి కోసం, ఏడు రకాల మానులతో ఏడు తెప్పలు కట్టుకుని, ఒక్కో సముద్రం మీద ఒక్కో తెప్ప వేసుకుని పోయిన పిల్ల. రాజు కూతురు కాదు. ఏ దేవుడూ వరమివ్వలేదు. తల్లీ తండ్రీ లేని జాలరి గుంట, అంతే. ఆ పిల్ల మాట కూడా సూర్యకళ ఉండే జాలరి పేటలో ఆడోళ్ళ మాటే. 'నాను' అంటుంది, 'ఏటి' అంటుంది. రాకాసి ముందు నిలబడి కూడా అలాగే అంటుంది, రాకాసే జడుసుకుంటుంది. సూర్యకళ ఆ పుస్తకాన్ని ఎన్నిసార్లు చదివిందో లెక్కలేదు. అట్ట ఊడిపోతే వల నూలుతో కుట్టుకుంది. చదువు పదో తరగతితో ఆగిపోయిన మనిషి, ఎవరైనా చదువు గురించి ఎత్తితే ముందు ఆ పుస్తకం తీసి చూపిస్తుంది.

ఇప్పుడది సినిమా అయింది. శుక్రవారం విడుదల.

గురువారం పొద్దున్న మార్కెట్లో పచ్చి చేప పెద్దగా లేదు. వేట నిషేధం రోజులు. సముద్రంలో చేప గుడ్లు పెట్టే కాలమని ఎండాకాలంలో రెండు నెలలు ఇంజన్ బోట్లని ఒడ్డెక్కించేస్తారు. అందుకని సూర్యకళ ఎండు నెత్తళ్ళు పోసుకుని కూర్చుంది. చేటలో రెండు గుప్పెళ్ళు పోసి, ఇసక చెరిగి, తలలు విరిగినవి ఒక పక్కకి, నిండువి ఒక పక్కకి తోస్తూ, వచ్చినవాళ్ళకల్లా ఏడో తెప్ప ఘట్టం చెబుతూనే ఉంది. రేపు సినిమాలో వచ్చేది అదే కదా మరి, ముందే తెలుసుకుని వెళ్తే కళ్ళు ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది.

ఆ ఘట్టం ఇదీ. పోలి తెప్ప ఎక్కే ముందు ప్రతిసారీ వంగి, చేత్తో సముద్రం నీళ్ళు తీసి కళ్ళకద్దుకుని, 'అమ్మా, నీ మీద కాలెడతన్నాను, కోపం సేసుకోకు' అంటుంది. పేటలో మగాళ్ళు వేటకెళ్ళేటప్పుడు చేసేదే. తెప్ప మీదికి చెప్పులతో ఎవరూ ఎక్కరు, దణ్ణం పెట్టుకోకుండా ఎవరూ దింపరు. ఏడోసారి మాత్రం వెనక రాకాసి మంద తరుముకొస్తుంటుంది. ఆగితే చస్తుంది. అయినా ఆగుతుంది. వంగుతుంది, కళ్ళకద్దుకుంటుంది, అడుగుతుంది. అందుకే ఏడో సముద్రం ఆ పిల్లని మోస్తుంది, వెనకొచ్చే మందని మింగేస్తుంది. కత్తితో కాదు, మంత్రంతో కాదు, మనం రోజూ చేసే పనితో గెలుస్తుంది. అక్కడికొచ్చేసరికి సూర్యకళ చేట పక్కన పెట్టేసి ముక్కు తుడుచుకుంటుంది.

సినిమా వాళ్ళు ఏం మార్చుకున్నా మార్చుకోనీ, ఆ ఒక్కటీ ఉన్నదున్నట్టు తీస్తే చాలునని ఆవిడ నూకాలమ్మ తల్లికి మొక్కుకుంది కూడా. పేటలో ఇరవై మంది ఆడవాళ్ళని సినిమాకి బయల్దేరదీసింది తనే. రేపా తెర మీద మన మనిషిని చూస్తారే, రాణుల్నీ డాక్టరమ్మల్నీ కాదు, మన మనిషిని, అని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఇప్పుడా మాట నిలబడాలి.

ఇంత హడావుడిలో ఒక్కడే ఉలకడు పలకడు. ఆవిడ మొగుడు సింహాద్రి.

నిజానికి అందరికన్నా ముందు వెళ్ళాల్సినవాడు అతనే. నాలుగైదు మానులు తాళ్ళతో బిగించి తెప్ప కట్టడం తెలిసినవాళ్ళు ఇప్పుడు పేటలో ఎంతమందని? అన్నీ ఫైబర్ బోట్లయిపోయాయి. పోయినేడు ఇదే నిషేధం రోజుల్లో ఈ సినిమా షూటింగు బీచ్‌లో జరిగితే, తెప్పలు కట్టింది సింహాద్రే. సినిమావాళ్ళకి పేట నుంచి జనాన్ని కుదిర్చిన నాగబాబు తెప్పలు తొయ్యడానికని ముప్పై మందిని తీసుకెళితే అందులోనూ ఉన్నాడు. రెండు రోజులు వెళ్ళాడు. మూడో రోజు జొరమని పడుకున్నాడు, తర్వాత వెళ్ళలేదు. అప్పట్నుంచి సినిమా ఊసెత్తితే చాలు, లేచి అవతలికి పోతాడు. గురువారం సాయంత్రం కూడా అంతే. గుమ్మంలో కూర్చుని, బొటనవేలికి వల తగిలించుకుని చిరుగు అల్లుకుంటున్నాడు. సూర్యకళ రమ్మని బతిమాలింది, కసిరింది, అలిగింది. సూది ఆపకుండానే, మీరెళ్ళి రండి అన్నాడు. ఈ మనిషి గుండెకాయ కూడా మానుతోనే చేశారు గావాలని విసుక్కుని ఆవిడ లోపలికి పోయింది.

శుక్రవారం పొద్దుటాట. ఇరవై మంది ఆడవాళ్ళూ నాలుగు ఆటోలు. ఉతికిన చీరలు, తల్లో పూలు, సంచుల్లో మంచినీళ్ళ సీసాలు. సింహాద్రి తల్లి చిట్టమ్మ కూడా వచ్చింది. డెబ్బై దాటాయి, కంట్లో శుక్లం తీయించుకుని మూడు నెలలైంది, కొత్త కన్నుతో చూస్తున్న మొదటి సినిమా అని ఆవిడ సంబరం ఆవిడది. కోడలి పక్క సీట్లో కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

పేట కుర్రాళ్ళు ముందు వరసల్లో చేరి, తెర మీద తమ బీచ్ కనిపించగానే హాలు దద్దరిల్లేలా అరిచారు. సూర్యకళ కూడా ఈల వేసింది. గంపలెత్తుకుని బస్సులాపే మనిషికి ఈల ఎంత పని! అంతా బాగానే మొదలైంది. తర్వాత ఒక్కొక్కటే బయటపడ్డాయి.

పోలి పేరు మణిప్రభ అయిపోయింది. పోనీలే, సినిమా వాళ్ళకి పేర్ల పిచ్చి. అయిదు నిమిషాల్లో తేలిందేమిటంటే మణిప్రభ జాలరి పిల్లే కాదు, పసితనంలో పడవలో కొట్టుకొచ్చిన రాజు కూతురు, భుజం మీద నెలవంక మచ్చ కూడా ఉంది. సూర్యకళ చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రాజు కూతురు గనక మాట కూడా రేడియోలో వార్తలు చదివినట్టు చదువుతోంది. మరి 'నాను', 'ఏటి' ఎక్కడికి పోయాయంటే, ఉన్నాయి, ఎక్కడికీ పోలేదు. సీను సీనుకీ చేపల మీద కాలు జారి పడే బొజ్జ జాలరి ఒకడున్నాడు, అవన్నీ వాడికిచ్చారు. వాడు 'ఏటి బావా' అన్నప్పుడల్లా హాలు పగలబడి నవ్వుతోంది. పేట ఆడవాళ్ళూ మొదట నవ్వారు. మూడోసారికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని ఊరుకున్నారు. సూర్యకళ చెవులు కాలిపోతున్నాయి. అయినా లేవలేదు. ఏడో తెప్ప ఉంది కదా, అదొస్తే అన్నీ కడుక్కుపోతాయని కూర్చుంది.

వచ్చింది ఏడో తెప్ప. వెనక రాకాసి మంద, ముందు కెరటాలు, ముప్పై మంది జాలర్లు తెప్ప చుట్టూ సిద్ధంగా ఉన్నారు. మణిప్రభ పరుగెత్తుకుంటూ వచ్చింది. కాళ్ళకి మోకాళ్ళ దాకా తోలు బూట్లు, వాటికి ఇత్తడి బొత్తాలు. ఆగలేదు, వంగలేదు. అదే పరుగులో ఎగిరి బూటు కాళ్ళతో తెప్ప మీదికి దూకింది. కెమెరా ఆ బూట్ల చుట్టూ ఒకసారి, రెండుసార్లు తిరిగింది. ముందు వరసల్లో కాగితాలు ఎగిరాయి. ఆడవాళ్ళ వరసలో ఇరవై మందీ ఒక్కసారే ఊపిరి బిగపట్టడం సూర్యకళకి తెలిసింది. మనింట్లో దేవుడి గూట్లో ఎవరో చెప్పు పెట్టినట్టయింది ఆవిడకి. తలొంచుకుని, కొంగుతో మొహం కప్పుకుని, సీను అయిపోయేదాకా ఎత్తలేదు. తలెత్తేసరికి తెర మీద పాట నడుస్తోంది.

బయట ఎండ మండిపోతోంది. మెట్ల దగ్గర అలేఖ్య అనే అమ్మాయి మైకు పట్టుకుని వచ్చినవాళ్ళనల్లా సినిమా ఎలా ఉందని అడుగుతోంది, ఆమెతో వచ్చినతను ఫోనులో తీస్తున్నాడు. యూట్యూబ్ ఛానెల్ ఆమెది. కుర్రాళ్ళు మైకు లాక్కుని మరీ కేకలేస్తున్నారు, ఊచకోతనీ, పూనకాలనీ. అంతలో ఎవరో, ఇదిగో ఈవిడ పుస్తకం మొత్తం అప్పజెబుతుందని సూర్యకళని ముందుకి తోశారు. మేడమ్, పుస్తకం చదివినవాళ్ళుగా మీ మాటేమిటని అలేఖ్య మైకు నోటి దగ్గర పెట్టింది.

"పుస్తకంలో పోలిది మా మాటమ్మా," అంది సూర్యకళ. "ఇందులో ఆ మాట పట్టుకెళ్ళి జోకరుకిచ్చీసినారు. రాణీగారికి మా మాట పనికిరానేదు. తెప్ప మీదకి సెప్పులేసుకుని మాలో ఎవులూ ఎక్కరు, సచ్చిపోతన్నా ఎక్కరు. ఆ బూట్ల పిల్లెవులో నాకు తెల్దు. మా పోలి మాత్రం కాదు."

అని, చిట్టమ్మ చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కేసింది. కుట్లేసిన పుస్తకాన్ని ఆ పూట తీసి చూడబుద్ధి కూడా కాలేదు.

శనివారం పొద్దున్నకి సూర్యకళ మాట ఊరంతా తిరుగుతోంది. పక్కింటి హిమబిందు ఫోను పట్టుకొచ్చి చూపించింది. ఎక్కడెక్కడి వాళ్ళో కింద రాశారు. కొందరు దండాలు పెట్టారు, కొందరు ముందు చేపలమ్ముకో అన్నారు, ఆవిడ 'పనికిరానేదు' అన్న ముక్కని కత్తిరించి జోకరు నవ్వు తగిలించి పెట్టినవాడొకడు. అది చూసి సూర్యకళ ఫోను తిరిగి ఇచ్చేసింది. నెత్తళ్ళ బస్తా విప్పి పెరట్లో పట్టా మీద ఆరబోసి, కాకులు రాకుండా పాత వల కప్పడం మొదలెట్టింది.

పది గంటలకి నాగబాబు వచ్చాడు. ఒడ్డెక్కించిన బోటు అంచు మీద కూర్చుని, మంచినీళ్ళడిగి తాగి, నెమ్మదిగానే మొదలుపెట్టాడు. సినిమాకి రెండో భాగం ఉంది. వచ్చే నెల్లోనే మన బీచ్‌లో మొదలు. ముప్పై మందికీ నెలన్నర పని, ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో. కంపెనీ తరఫున ప్రచారం చూసే అశోక్ గారు రాత్రి ఫోను చేశారట, పేటోళ్ళకి సినిమా నచ్చకపోతే భీమిలి అవతల ఇంకో ఒడ్డు చూసుకుంటాం లెండి అన్నారట. ఆదివారం మ్యాట్నీకి ఆయనే వస్తున్నారు, ఆ మైకు పిల్లా వస్తుంది. సూర్యకళ వచ్చి, సినిమా బాగుంది, మొన్న ఏదో ఆవేశంలో అన్నాను అంటే చాలు.

"ఒక్క ముక్క సెల్లీ," అన్నాడు నాగబాబు. "అది సినిమా. నీ పుస్తకం నీకాడే ఉంటాది, ఎవుడూ అట్టుకుపోడు. ముప్పై కొంపల్లో పొయ్యి నువ్వు ఆర్పీకు."

అతను అబద్ధమాడటం లేదు, అదే కష్టం. ఆ ముప్పై మందిలో సగం మంది భార్యలు శుక్రవారం తనతో వచ్చినవాళ్ళే. మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురు వచ్చి గుమ్మంలో నిలబడి, నువ్వన్నది నిజమే అప్పా, అయినా, అని ఆగిపోయారు. ఆ 'అయినా' సూర్యకళకి బాగా తెలుసు. సినిమా బాగుందంటే పోలిని తనే తెప్ప మీంచి తోసేసినట్టు. బాగాలేదంటే పేటని. కంచం ముందు కూర్చుని కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసింది.

సింహాద్రి పొద్దుట్నుంచీ అక్కడే ఉన్నాడు, వల అల్లుకుంటూ. నాగబాబు ఉన్నంతసేపూ తల ఎత్తలేదు. సూర్యకళకి ఒళ్ళు మండిపోయింది. నీ నోట్లో కూడా సూది గుచ్చుకుందా, ముప్పై మందిలో నువ్వూ ఒకడివి కదా, బావుందనాలో బాలేదనాలో ఒక మాట చెప్పు అని వాయించేసింది. సింహాద్రి అల్లుతున్న ముడి బిగించి, నూలు తెంపి, సూదిని వల్లోనే గుచ్చి పెట్టాడు. ఏడాదిగా దాచుకున్నది అప్పుడు చెప్పాడు.

షూటింగు రెండో రోజు ఏడో తెప్ప సీను. హీరోయిన్ దూకగానే ముప్పై మందీ తెప్పని నీళ్ళలోకి తొయ్యాలి, అంతకుమించి పని లేదు. మొదటిసారి అందరూ తోశారు, సింహాద్రి వంగి నీళ్ళు కళ్ళకద్దుకున్నాడు. మైకులో కేక పడింది, ఆ తలపాగా మనిషి ఏం చేస్తున్నాడని. వద్దని చెప్పారు. రెండోసారీ అంతే అయింది. మూడోసారి నాగబాబే వచ్చి చెయ్యి పట్టుకుని చెప్పి వెళ్ళాడు, నాలుగోసారీ అంతే. హీరోయిన్ గొడుగు కింద కూర్చుని నవ్వింది. ఎవరో సహాయకుడు, ఈ ముసలాడికి తొయ్యమంటే తొయ్యడం కూడా రాదా అన్నాడు, అందరూ నవ్వారు. ఆఖరికి కనబడకుండా అందరి వెనకా ఓ మూలకి నెట్టి, పక్కన నాగబాబుని కాపలా పెట్టి, పొద్దు వాలిపోతోందని ఏదో అయిందనిపించారు. నీవల్ల పేట పరువు పోయిందిరా బావా, రేపట్నుంచి రావొద్దని నాగబాబు చెప్పాడు.

"నాను సెయ్యనని మొండికెయ్యనేదే," అన్నాడు సింహాద్రి. "ఈ సారి తొయ్యాల, తొయ్యాల అనే అనుకున్నాను. తెప్ప నీటికి తగిలీసరికి సెయ్యి దాని మానాన అది ఎల్లిపోయినాది. నలబై ఏళ్ళ సెయ్యి. నా మాటెక్కడింటాది? అందరూ సేసే పని నాకు సేతకానేదని సిగ్గేసి నీకు సెప్పనేదు."

జొరమని దుప్పటి కప్పుకుని పడుకున్న ఆ రోజులన్నీ సూర్యకళ కళ్ళముందు తిరిగాయి. కషాయం కాచి ఇస్తే తాగాడు కూడా పాపం.

మంచం మీంచి చిట్టమ్మ అందుకుంది. ఆవిడ ఇంతసేపూ కళ్ళు మూసుకుని పడుకుంది, అందరూ నిద్రపోతోందనుకున్నారు.

"సినిమాలో ఉన్నాడు గదే నీ మొగుడు," అంది. "ఆ బూట్ల గుంట ఎనకాల, ఎడం పక్కన. వొంగి నీల్లు కల్లకద్దుకున్నాడు. నువ్వు సూడనేదేటి?"

చూడలేదు. సరిగ్గా అప్పుడే కొంగు మొహానికి కప్పుకుంది. ముసలమ్మకి మణిప్రభ ఎవరో, ఏ రాజు కూతురో అక్కర్లేదు. కొడుకు ఉన్నాడన్న సినిమాలో కొడుకుని వెతుక్కుంది, కొత్త కన్నుతో మూలమూలలా వెతుక్కుంది, దొరికాడు. అందరూ చూశారనుకుని ఊరుకుంది. సింహాద్రి నమ్మలేదు. నన్ను తీసేసే ఉంటారమ్మా, నువ్వు ఎవర్ని చూసి ఎవరనుకున్నావో అన్నాడు. నా కడుపున పుట్టిన వంగుడు నాకు తెలీదురా అని కసిరింది చిట్టమ్మ, అటు తిరిగి పడుకుంది.

ఆదివారం మ్యాట్నీకి సింహాద్రిని సూర్యకళ దాదాపు ఈడ్చుకుపోయింది. ఇస్త్రీ చొక్కా వేసి, తల దువ్వి మరీ. అతను ద్వారం పక్కన చివరి సీట్లో, ఏ క్షణాన్నయినా లేచి పారిపోయేవాడిలా ఒంటి పిర్ర మీద కూర్చున్నాడు. ఈసారి సూర్యకళకి రాజుకూతురి మీదా కోపం రాలేదు, జోకరు మీదా రాలేదు. వచ్చినా పక్కన పెట్టింది. తెర మీద మధ్యలో ఏం జరుగుతోందో చూడటం మానేసి, ముందునించే అంచులు చూడటం అలవాటు చేసుకుంది. అలా చూస్తే ఎన్నో ఉన్నాయి. ఎవడో ఒకడు తాడు చుట్ట సరిగ్గా మన పద్ధతిలోనే చుడుతున్నాడు. ఒకావిడ గంప దింపుతూ నడుం పట్టుకుంటోంది, ఆ నొప్పి నటన కాదు.

ఏడో తెప్ప వచ్చింది. బూట్లు వచ్చాయి, ఎగిరాయి, దూకాయి. సూర్యకళ వాటి మీద కన్ను వెయ్యలేదు.

వెనకాల, ఎడం పక్కన, అందరూ భుజాలు ఆనించి కెమెరా వైపు మొహాలు పెట్టి తోస్తుంటే, ఒక్క మనిషి వంగాడు. చిన్నగా, బొటనవేలంత కనిపిస్తున్నాడు. తలపాగా జారుతోంది. కుడిచెయ్యి నీళ్ళలో ముంచి, పైకి తెచ్చి, ఈ కంటికీ ఆ కంటికీ అద్దుకున్నాడు. పెదాలు కదిలాయి. ఏం అంటున్నాడో వినబడలేదు, హాలంతా వాయిద్యాల మోత. వినబడక్కర్లేదు, ఆవిడకి ఆ పేజీ కంఠతా వచ్చు. అతని పక్కన తోస్తున్న మనిషి చెయ్యి కూడా చటుక్కున నీళ్ళ దాకా పోయింది, మళ్ళీ ఏదో గుర్తొచ్చి సగంలో ఆగిపోయింది. ఆ చెయ్యి నాగబాబుది. తర్వాత అందరూ తోశారు, సింహాద్రీ తోశాడు, తెప్ప కెరటం మీదికెక్కింది.

అంతే. మూడు లెక్కపెట్టేలోగా అయిపోయింది. పుస్తకం రాసిన ఆయన రాసింది రాసినట్టు, వెనక రాకాసి మంద తరుముతున్నా, వద్దని మైకులో అరుస్తున్నా, ఆగి, వంగి, అడిగి మరీ తెప్ప దింపిన మనిషి తన పక్క సీట్లో ఒంటి పిర్ర మీద కూర్చుని ఉన్నాడు. సూర్యకళ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. హాల్లో ఆవిడ ఒక్కతే. వెనకాల ఎవరో కూర్చోమని అరిచారు. కూర్చోలేదు, ఈల కూడా వేసింది. అంత గర్వం ఆవిడ పెళ్ళిలో కూడా పడలేదు. సింహాద్రి ఆవిడ కొంగు పట్టుకుని కిందికి లాగాడు. అతని గడ్డం మీద తడి మెరుస్తోంది.

"మళ్ళీ సూపెట్టరేటే?" అని అడిగాడు.

బయట మెట్ల దగ్గర నాగబాబు ముందే నిలబడి ఉన్నాడు, పక్కన అశోక్, తెల్ల చొక్కా, మెళ్ళో గుర్తింపు కార్డు. అలేఖ్య మైకు సిద్ధం చేసుకుంది. పేట జనం కూడా పది పదిహేను మంది చేరారు, సూర్యకళ ఏమంటుందోనని. నాగబాబు కళ్ళతోనే దణ్ణం పెట్టాడు. రెండోసారి చూశారు కదా మేడమ్, ఇప్పుడేమంటారని అలేఖ్య అడిగింది.

సూర్యకళ కొంగు సర్దుకుంది. మైకుని ఈసారి తనే చేతిలోకి తీసుకుంది.

"మొన్న సెప్పింది మొన్నటిదే. ఒక్క ముక్క ఎనక్కి తీసుకోను," అంది. నాగబాబు మొహం వాడిపోయింది. "కానీ అందరూ ఎల్లండి, ఈ సినిమా సూడండి. నాను మళ్ళీ సూత్తాను. ఏడో తెప్ప కాడికి వొచ్చీసరికి ఈరోయిన్ని సూడకండి, అక్కడేటీ నేదు. ఎనకాల సూడండి, ఎడం పక్కన. తలపాగా ఎట్టుకుని ఒక మడిసి ఉంటాడు. మా పోలి అక్కడున్నాది."

అశోక్ నాగబాబు చెవిలో ఏదో అడిగాడు, నాగబాబు నేల చూపులు చూస్తూ ఏదో చెప్పాడు. ఎడం పక్కనా, అని అశోక్ ఇంకోసారి అడిగి, ఆ సినిమాని ఎన్నిసార్లు చూశాడో ఏమో గానీ, ఫోను తీసి ఆ ముక్క వెతకడం మొదలుపెట్టాడు. పేట ఆడవాళ్ళు ఇద్దరు అప్పటికే టికెట్ల కిటికీ వైపు నడిచారు. రెండో భాగం ఈ ఒడ్డున తీస్తారో భీమిలి అవతల తీస్తారో ఆ ఆదివారం ఎవరికీ తెలీదు. సూర్యకళకి ఆ భయం పోలేదు కూడా. కానీ కాళ్ళు గట్టిగా నేల మీద ఆనాయి.

అలేఖ్యకి విషయం అర్థమయ్యేసరికి కళ్ళు పెద్దవయ్యాయి. ఆ తలపాగా మనిషి ఎవరని అడిగింది. సూర్యకళ పక్కకి జరిగి మొగుణ్ణి ముందుకి తోసింది. సింహాద్రి వెనక్కి అడుగేశాడు గానీ వెనకాల జనం ఉన్నారు, పోవడానికి దారి లేదు. మైకు అతని చేతిలోకి వచ్చింది. సార్, ఈ సినిమాలో మీరేం చేశారని అడిగింది అలేఖ్య. ఇంతవరకూ అతన్ని సార్ అన్నవాళ్ళు లేరు.

సింహాద్రి నాగబాబు వంక ఒకసారి చూశాడు. అశోక్ వంక చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"సెయ్యొద్దన్నది సేసినానండి," అన్నాడు, మైకు తిరిగి ఆ అమ్మాయి చేతికిచ్చేశాడు.